అద్దెకివ్వడానికి మొదటి ఇల్లు కొనాలనుకుంటున్నాను, డబ్బు ఏ దారిలో తేవాలి?

కొత్తఇటుక (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. ఉద్యోగం చేస్తున్నాను. నేనూ అద్దె ఇంట్లోనే ఉంటున్నాను. ఒక చిన్న ఇల్లు కొని అద్దెకివ్వాలని కోరిక. చూసిపెట్టుకున్న ఇంటి ధరలో నాలుగో వంతు చేతిలో ఉంది. ధరలో 80 శాతం వరకు అప్పిస్తామని బ్యాంకు అంటోంది. రిజిస్ట్రేషన్‌కీ మరమ్మతులకీ చాలకపోతే వ్యక్తిగత రుణం తీసుకుందామనుకుంటున్నాను. ఇల్లు అమ్మే ఆయనేమో "బ్యాంకు ఎందుకండీ, నాకే వాయిదాల్లో కట్టండి" అంటున్నారు. సగం వాటాకు వస్తానని ఒక స్నేహితుడు వెంటపడుతున్నాడు. దారి లేక కాదు, దారులు ఎక్కువై తికమకపడుతున్నాను. ఏది మేలు?

గాలివాటం

ఎంత అప్పు పుడితే అంత తీసుకోండి. అద్దెకున్నవాళ్లే మీ వాయిదా కట్టేస్తారు, చివరికి ఇల్లు మీది. లెక్కలు వేస్తూ కూర్చున్నవాళ్లెవరూ ఇల్లు కొనలేదు.

కూడిక_తీసివేత

లెక్కలు వేస్తూ కూర్చున్నవాణ్ణి నేనే. మూడు ఇళ్లున్నాయి.

కొత్తఇటుక గారూ, ఇక్కడ ఒక్కొక్కరం ఒక్కో దేశంలో ఉన్నాం కాబట్టి ఇంటి ధరను 100 అనుకుందాం. మిగతావన్నీ ఆ కొలతలోనే చెప్పండి: ప్రస్తుతం కట్టే అద్దె, నెలకు మిగిలేది, ఆ ఇంటికి రాగల అద్దె, బ్యాంకు చెప్పిన వడ్డీ, గడువు.

కొత్తఇటుక

నేను కట్టే అద్దె నెలకు 0.25. అన్ని ఖర్చులూ పోను 0.45 మిగులుతుంది. ఆ ఇంటికి ఏడాదికి 5 దాకా అద్దె వస్తుందని మధ్యవర్తి అన్నాడు. బ్యాంకు వడ్డీ 9 శాతం, 20 ఏళ్లు. రిజిస్ట్రేషన్, ఇతర రుసుములు కలిపి 6 అవుతాయట. అన్నట్టు, వ్యక్తిగత రుణానికి 14 శాతం, అయిదేళ్లు అన్నారు.

కూడిక_తీసివేత

ఇప్పుడు చూడండి.

80 అప్పుకు 9 శాతం మీద 20 ఏళ్లకు నెల వాయిదా 0.72. అంటే ఏడాదికి 8.64. మధ్యవర్తి చెప్పిన అద్దె 5. అందులో ఒక నెల ఇల్లు ఖాళీగా ఉంటుందనుకోండి, పన్ను, బీమా, చిల్లర మరమ్మతులు తీసేయండి, 4 మిగిలితే గొప్ప. ఏడాదికి 8.64 కట్టాల్సిన చోట 4 వస్తోంది. "అద్దెకున్నవాళ్లే వాయిదా కట్టేస్తారు" అన్నది ఇక్కడే తేలిపోయింది. వాళ్లు కట్టేది సగం కూడా కాదు.

ఇక మీ వ్యక్తిగత రుణం. సొంత వాటా 20, ఖర్చులు 6, మొత్తం 26. మీ దగ్గర 25 ఉంది. మరమ్మతులు కూడా చూసుకుని ఒక 10 తీసుకున్నారనుకుందాం. 14 శాతం మీద అయిదేళ్లకు నెలకు 0.23. ఇంటి అప్పులో ఎనిమిదో వంతు సొమ్ముకు, ఇంటి వాయిదాలో దాదాపు మూడో వంతు! రెండూ కలిపి నెలకు 0.95. అద్దె నెలకు 0.33 వస్తే మీ జేబులోంచి పోయేది 0.62. మీకు మిగిలేదే 0.45.

ఇది ఇంట్లో ఎవరో ఉన్న నెల లెక్క. ఖాళీగా ఉన్న నెలలో 0.95 మొత్తం మీదే.

కొత్తఇటుక

ఇంత పచ్చిగా ఎవరూ చెప్పలేదు. మరి 80 శాతం ఇస్తామని బ్యాంకు ఎందుకు అంటోంది?

అప్పులపద్దు

నేను అప్పుల విభాగంలో చాలాకాలం పనిచేసి మానేసినవాణ్ణి, కాబట్టి అటువైపు నుంచి చెబుతాను. 80 శాతం అన్నది ఇల్లు అమ్మితే తన అప్పు తిరిగొస్తుందా అని బ్యాంకు చూసుకునే లెక్క. మీరు సుఖంగా కట్టగలరా అన్నది దానికి రెండో ప్రశ్న. దానికి మీ జీతం చూస్తుంది. జీతం కనబడితే అద్దె సంగతి పెద్దగా పట్టించుకోదు.

అద్దె ఆదాయం మీదే అప్పిచ్చే సంస్థల పద్ధతి వేరు. ఖర్చులు పోగా మిగిలే అద్దెను ఏడాది వాయిదాలతో భాగిస్తారు. అది 1.2 లేదా 1.25 ఉండాలని సాధారణంగా అడుగుతారు. 1 అంటే వచ్చింది వచ్చినట్టు వాయిదాకే పోతుందని అర్థం. పై పాతిక ఖాళీ నెలలకు. మీ ఇంటికి ఆ కొలత పెడితే 4 ఆదాయం మీద ఏడాదికి 3.2 మించి వాయిదా ఉండకూడదు. ఆ వాయిదాకు పుట్టే అప్పు దాదాపు 30. ఇంటి బలం మీద దొరికేది 30, మీ జీతం బలం మీద దొరికేది 80. మధ్యలో ఉన్న ఆ 50 ఇంటిది కాదు, మీ నౌకరీది.

గాలివాటం

ధర పెరుగుతుంది కదా, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరేం?

కూడిక_తీసివేత

పెరిగితే సంతోషమే. పెరిగిన ధరతో ఈ నెల వాయిదా కట్టలేరు గాలివాటం గారూ, అమ్మితే తప్ప.

గాలివాటం

సరే, ఇంకో కిటుకు చెబుతాను. సొంతంగా ఉండటానికి కొంటున్నానని దరఖాస్తులో రాయండి. వడ్డీ తగ్గుతుంది, సొంత వాటా కూడా తక్కువ అడుగుతారు. తర్వాత అద్దెకిచ్చుకోండి. ఎవరు వచ్చి చూస్తారు?

నిర్వాహకుడు

అబద్ధపు దరఖాస్తుల సలహాలు ఇక్కడ వద్దు. పై మాటను తొలగించకుండా ఉంచుతున్నాను, ఎందుకు వద్దో కింద ఎవరైనా చెప్పాలి కాబట్టి.

అప్పులపద్దు

చెబుతాను. సొంతంగా ఉండే ఇంటికి వడ్డీ తక్కువ పెట్టడానికి కారణం ఉంది. కష్టకాలం వస్తే మనిషి మిగతావన్నీ ఆపి తాను ఉండే ఇంటి వాయిదా ముందు కడతాడు. అద్దె ఇంటిని ముందు వదిలేస్తాడు. అందుకే ఆ తేడా. అబద్ధం రాసి సంతకం పెడితే అది మోసం కిందికి వస్తుంది. అప్పు మొత్తం ఒకేసారి తిరిగి కట్టమనే హక్కు సంస్థకు ఉంటుంది. ఎవరూ వచ్చి చూడక్కర్లేదు, బీమా కాగితం, చిరునామా మారకపోవడం, పన్ను లెక్కలో చూపిన అద్దె, వీటిలో ఏదో ఒకటి పట్టిస్తుంది.

వడ్డీ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఆ 9 శాతం స్థిరమా, మారేదా?

కొత్తఇటుక

మారేదే. స్థిరంగా కావాలంటే ఒకటిన్నర శాతం ఎక్కువ అన్నారు.

అప్పులపద్దు

అయితే ఈ లెక్క ఒకసారి మీ చేత్తో వేసి చూడండి. 100 అప్పుకు 9 శాతం మీద 20 ఏళ్ల వాయిదా 0.90. అప్పు తీసుకున్న కొత్తలోనే వడ్డీ 10 శాతం అయింది. వాయిదా పెంచకుండా గడువు పొడిగిస్తామని సంస్థ ఉత్తరం రాస్తుంది. మనకూ హాయిగానే ఉంటుంది, నెల ఖర్చు మారలేదు కదా అని. ఆ ఉత్తరంలో 240 నెలలు 314 నెలలవుతాయి. ఒక్క శాతానికి ఆరేళ్ల పైచిలుకు. ఇంకొంచెం పెరిగి 10.8 దగ్గరికి వచ్చిందా, నెల వడ్డీ ఒక్కటే 0.90 అవుతుంది. మీరు కట్టేది వడ్డీకే సరిపోతుంది, అసలు కదలదు. ఆపైన పెరిగితే క్రమం తప్పకుండా కడుతున్నా బాకీ పెరుగుతుంది.

2008కి ముందు అమెరికాలో 2/28 అనే అప్పులు విరివిగా ఇచ్చారు. మొదటి రెండేళ్లు తక్కువ స్థిర వడ్డీ, మిగతా 28 ఏళ్లు మారే వడ్డీ. రెండేళ్లు గడిచేలోగా ధర పెరుగుతుంది, కొత్త అప్పుతో పాతది తీర్చుకోవచ్చన్నది అందరి ధీమా. ధరలు దిగాక కొత్త అప్పు పుట్టలేదు, పాత వాయిదా పెరిగింది. ఆ తర్వాత ఏమైందో లోకమంతా చూసింది.

స్థిర వడ్డీకి అడిగే ఒకటిన్నర శాతం భయానికి కట్టే రుసుము అనుకోండి. మారే వడ్డీ వద్దనను. కానీ రెండు శాతం పెరిగినా కట్టగలిగితేనే తీసుకోండి. ముందస్తుగా తీరిస్తే జరిమానా ఉందా, వడ్డీ దేనికి ముడిపెట్టి మారుస్తారు, ఆ కొలత మీద సంస్థ వేసుకునే అదనపు శాతం మధ్యలో మారుతుందా, ఈ మూడింటికీ రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. నోటిమాట చెల్లదు.

అద్దెకున్నవాడు

ఒక మాట మా వైపు నుంచి. ఇంటి యజమాని వాయిదాలతో సతమతమవుతున్నాడని అద్దెకున్నవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. నీళ్ల మోటారు పాడై నాలుగు రోజులైనా మనిషిని పంపకపోతే తెలిసిపోతుంది. మా పాత యజమాని మంచివాడే, చేతిలో డబ్బు లేదంతే. ఏడాదిలో రెండుసార్లు అద్దె పెంచాడు, మేం ఖాళీ చేశాం. ఆ తర్వాత ఆ ఇల్లు చాలా నెలలు తాళంతో ఉంది. కాబట్టి మరమ్మతుల సొమ్ము వేరుగా పెట్టుకుని కొనండి.

తాపీపని

అద్దెకున్నవాడు గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇరవై ఏళ్లుగా పాత ఇళ్లు బాగుచేస్తున్నాను. "రంగులు వేస్తే చాలు" అన్న ఇంట్లో రంగుతో పని ముగిసింది ఒక్కసారీ చూడలేదు.

మూడోఅంతస్తు

రంగుల మాట ఎత్తారు, ఇక నా కథ చెప్పక తప్పదు.

ఇల్లు చవకగా దొరికింది. ఆరు నెలల్లో బాగుచేసి అమ్మేయాలని పథకం. పాడుపడిన ఇంటికి బ్యాంకు అప్పివ్వలేదు. స్వల్పకాలిక రుణమిచ్చే ప్రైవేటు సంస్థ ఒకటి దొరికింది, పేరు వద్దు. వాళ్లు జీతం అడగలేదు, బాగుచేశాక ఇల్లు ఎంత పలుకుతుందో చూసి వారంలో డబ్బిచ్చారు. అప్పు 70, నెలకు ఒకటిన్నర శాతం, ముందుగా 2 శాతం రుసుము. అంటే చేతికి రాకముందే 1.4 పోయింది, నెల నెలా 1.05. ఆరు నెలలకు మొత్తం 7.7. అమ్మితే 15 మిగులుతుందని లెక్క, అందులో 7.7 పోయినా ఏడు పైన నాది.

నాలుగో నెలలో స్నానాల గది గోడ మీద అరచేయంత మచ్చ కనబడింది. తాపీమేస్త్రి ఉలితో పలక ఊడదీస్తే వెనక ఇటుక తడిసి మెత్తగా ఉంది. గోడలో పాత గొట్టం ఎక్కడో పగిలింది. అది వెతకడానికి మూడు గోడలు పగలగొట్టాం. ఆరబెట్టడానికి ఒక నెల, మళ్లీ పలకలు వేయడానికి ఒక నెల, ఒప్పుకున్న కొనుగోలుదారు వెళ్లిపోయాడు, ఇంకొకరు దొరకడానికి మరి మూడు నెలలు. ఆరు నెలలు పదకొండయ్యాయి. గడువు పెంచినందుకు ఇంకో ఒక శాతం. వడ్డీ, రుసుములు కలిపి 13.65. పదిహేనులో మిగిలింది 1.35, దాన్ని ఆ గొట్టం మింగేసింది. పదకొండు నెలలు సిమెంటు దుమ్ము పీల్చినందుకు కూలి కూడా రాలేదు.

ఆ సంస్థ మోసం చేసిందని అనను. కాగితం మీద అన్నీ ఉన్నాయి. నెలకు ఒకటిన్నర అంటే చిన్నదిగా వినబడింది, ఏడాదికి 18 అని నాకు నేను చెప్పుకోలేదు.

కొత్తఇటుక

చదువుతుంటేనే గుండె జారింది. అయితే అమ్మే ఆయన వాయిదాల పద్ధతి? బ్యాంకు కంటే వడ్డీ తక్కువే అన్నారు, 8 శాతం. 30 ఇప్పుడు, మిగతాది 20 ఏళ్ల లెక్కన నెలవారీ, అయిదో ఏడాది చివర మిగిలింది ఒకేసారి ఇవ్వాలట. ఆ 30కి తోబుట్టువులు కొంత సర్దుతారు.

కూడిక_తీసివేత

చివరి వాక్యం మళ్లీ చదువుకోండి. అయిదేళ్లు కట్టాక ఎంత మిగులుతుందని అడిగారా?

కొత్తఇటుక

నాలుగో వంతు కాలం గడుస్తుంది కాబట్టి మూడు వంతులు మిగులుతుందేమో అనుకున్నాను.

కూడిక_తీసివేత

అందరూ అలాగే అనుకుంటారు. మొదటి ఏళ్లలో వాయిదాలో ఎక్కువ భాగం వడ్డీదే. ఇందాకటి 9 శాతం లెక్కే చూడండి, 100 అప్పు మీద మొదటి నెల కట్టే 0.90లో 0.75 వడ్డీ, అసలుకు చేరేది 0.15. అయిదేళ్లు ఒక్క నెల కూడా తప్పకుండా కట్టినా 88.7 బాకీ ఉంటుంది. 8 శాతమైతే 87 చిల్లర. ఆయనకు ఇవ్వాల్సిన 70లో అయిదేళ్ల తర్వాత కూడా 61 ఉంటుంది, అదీ ఒకే రోజున.

అప్పులపద్దు

ఇది కొత్త సంగతేమీ కాదు. 1930ల మాంద్యానికి ముందు అమెరికాలో ఇళ్ల అప్పులు చాలావరకు ఇలాగే ఉండేవి. గడువు కొద్ది ఏళ్లే, గడువు తీరగానే అసలు ముట్టజెప్పాలి లేదా అప్పు తిరగరాయించుకోవాలి. బ్యాంకులే మూతపడ్డ రోజుల్లో తిరగరాసేవారు లేక ఇళ్లు వేలానికి పోయాయి. 1933లో హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్, 1934లో ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ అనే ప్రభుత్వ సంస్థలు వచ్చాక, నెలనెలా అసలు కూడా తీరిపోయే దీర్ఘకాలపు అప్పు మామూలైంది. మనం ఈరోజు సహజమనుకునే వాయిదా పద్ధతి అంత దెబ్బ తగిలాక స్థిరపడింది.

అమ్మేవారి దగ్గర వాయిదాలు తప్పని కాదు. బ్యాంకు కాదన్నవాళ్లకు అది మంచి దారి కావచ్చు. కానీ ఆ ఇంటి మీద ఆయనకు పాత తనఖా ఉందా, ఇల్లు చేతులు మారితే ఆ అప్పు మొత్తం కట్టాలన్న షరతు ఉందా చూడండి. ఉంటే మీరు ఆయనకు సక్రమంగా కట్టినా ఆయన బ్యాంకుకు కట్టకపోతే పోయేది మీ ఇల్లు. హక్కు మీ పేరున ఎప్పుడు మారుతుందో, ఒక వాయిదా తప్పితే ఎన్ని రోజుల గడువో రాయించుకుని, సొంత వకీలుకు చూపించండి. ఆయన వకీలుకు కాదు.

సగంవాటా

స్నేహితుడి సంగతి ఎవరూ ముట్టుకోలేదు. నేనూ మా బావమరిదీ కలిసి కొన్నాం. ఇప్పటికీ మాట్లాడుకుంటున్నాం, కారణం ఒకే ఒక కాగితం. కొనకముందే రాసుకున్నాం: ఇల్లు ఖాళీగా ఉన్న నెల ఎవరు ఎంత వేయాలి, మరమ్మతు ఎంత దాటితే ఇద్దరి సంతకం కావాలి, ఒకరు తప్పుకోవాలంటే ధర ఎలా కట్టాలి. మూడో ఏట ఆయన తప్పుకున్నాడు. ఆ కాగితం తీసి చూసుకున్నాం, అరగంటలో తేలిపోయింది.

ఒక సంగతి మాత్రం ఆలస్యంగా తెలిసింది. ఉమ్మడిగా అప్పు తీసుకుంటే చాలాచోట్ల బాకీ మొత్తానికి ఇద్దరూ పూచీ. "నా సగం నేను కట్టాను" అంటే బ్యాంకు ఒప్పుకోదు. జామీను సంతకమూ అంతే.

అద్దెకున్నవాడు

అసలు ఇల్లే కొనాలా? కొద్ది మొత్తంతో రీట్ (చాలామంది సొమ్ముతో అద్దె భవనాలు కొని, వచ్చిన ఆదాయం పంచే సంస్థ) యూనిట్లు కొనుక్కునే వీలు చాలా దేశాల్లో ఉంది కదా.

అప్పులపద్దు

ఉంది. 1960లో అమెరికాలో చట్టం చేసినప్పటి నుంచి ఆ పద్ధతి నడుస్తోంది. అక్కడ పన్ను వేయదగిన ఆదాయంలో కనీసం 90 శాతం వాటాదారులకు పంచాలన్న నియమం ఉంది. గొట్టాలు పగలవు, అర్ధరాత్రి ఫోన్లు రావు. కాకపోతే ధర మార్కెట్‌తో పాటు ఊగుతుంది, నిర్ణయాలు మీ చేతిలో ఉండవు. సొంత వాటా పోగయ్యేలోగా కొంత అందులో పెట్టవచ్చు, అయితే రెండేళ్లలో అవసరమయ్యే సొమ్ము వద్దు.

కూడిక_తీసివేత

కొత్తఇటుక గారూ, మీ లెక్కకు సరిపోయే దారి ఒకటి ఉంది, ఎవరూ అనలేదు. రెండు భాగాలున్న ఇల్లు చూడండి. ఒక దాంట్లో మీరుండండి, రెండోది అద్దెకివ్వండి. గాలివాటం గారు అబద్ధమాడి తెచ్చుకోమన్న తక్కువ వడ్డీ ఇక్కడ నిజం చెప్పినా దొరుకుతుంది, మీరు నిజంగానే అందులో ఉంటారు కాబట్టి. అద్దెకిచ్చే భాగం ఉందని దరఖాస్తులో దాచకండి, అంతే.

అదే 100 ధర, అదే 80 అప్పు, వడ్డీ కూడా అంతే అనుకుందాం. వాయిదా 0.72. రెండో భాగానికి 0.20 వస్తే మీ జేబులోంచి 0.52. ఇప్పుడు మీరు అద్దెకూ పొదుపుకూ కలిపి 0.70 పక్కన పెడుతున్నారు. ఇంకా 0.18 మిగులుతుంది. ఆ భాగం ఖాళీ అయితే 0.72, అంటే 0.02 మాత్రమే తేడా, ఊపిరాడుతుంది.

ఇంకో ఏడాది ఆగితే 25కి 5.4 కలిసి 30.4 అవుతుంది. సొంత వాటా, ఖర్చులు 26 పోను 4.4. దాదాపు ఆరు నెలల వాయిదాలు. దాన్ని ముట్టకండి.

గాలివాటం

ఏడాదిలో ధర పెరిగితే?

కూడిక_తీసివేత

పెరిగితే చిన్న ఇల్లు చూసుకుంటారు.

కొత్తఇటుక

మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. అమ్మే ఆయన్ని పాత తనఖా గురించి అడిగాను. "అవన్నీ తర్వాత చూసుకుందాం" అన్నారు. అక్కడితో ఆ మాట ముగిసింది. స్నేహితుడికి సగంవాటా గారి మూడు ప్రశ్నలు పంపాను, ఇంకా జవాబు లేదు. వ్యక్తిగత రుణం ఆలోచన మానేశాను. బ్యాంకుకు మూడు ప్రశ్నలూ రాసి ఇచ్చాను, రెండింటికి రాతలో జవాబు వచ్చింది, అదనపు శాతం సంగతికి మాత్రం "పై అధికారిని అడగాలి" అంటున్నారు.

రెండు భాగాల ఇళ్లు చూడటం మొదలుపెట్టాను. తొందర లేదు, ఏడాది ఉంది. నిన్న చూసిన ఇంటికి లోపలంతా కొత్త రంగు. తాపీపని గారూ, కొత్త రంగు ఉన్న ఇంట్లో మొదట ఎక్కడ చూడాలి?

తాపీపని

స్నానాల గదికి అవతలివైపు గోడ. అక్కడ బీరువా అడ్డం పెట్టి ఉంటే జరపమనండి. పెద్ద వాన వెలిసిన మర్నాడు మళ్లీ వెళ్లి పైకప్పు మూలలు చూడండి, పగటిపూట, దీపం వేయకుండా. తలుపు తీయగానే, ఎవరైనా కిటికీలు తెరిచేలోపు గది వాసన చూడటం మర్చిపోవద్దు, తెరిచాక తెలియదు.

మూడోఅంతస్తు

పలకలను వేలి కణుపుతో కొట్టి చూడండి. బోలుగా మోగిన చోట నన్ను తలుచుకోండి.